ఏడ్వని పిల్ల

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, బిస్కెట్లు తిని, లేవబోయే ముందు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "మేడం, ఇన్నేండ్ల సర్వీసుల మీరు గొప్పగ చెప్పుకునేది ఏంది?" ఏదో అవార్డు గురించి చెబుతానని వాళ్ల ఆశ. అవార్డు నాకు రాలేదు. శాలువాలు మాత్రం చాలానే వచ్చాయి. చలికాలంలో వాటిని మా వీధిలో ముసలివాళ్లకు పంచిపెట్టాను. నేను గొప్పగా చెప్పుకునేది ఒక వాక్యం. పోనీ అది నేను రాసిన వాక్యమా అంటే అదీ కాదు. ఒక కథ చివర ఎవ్వరినీ రాయనివ్వని వాక్యం.

ఇది విని ఆ కొత్త టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మేడంకు వయసు మీద పడిందని అనుకుంటారు కాబోలు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువుకోండి. వినయం నటించే వయసు నాకు దాటిపోయింది కాబట్టి గర్వంగానే చెబుతాను.

మాది దోమకొండ. ఉద్యోగం వచ్చాక కామారెడ్డిలో కాపురం పెట్టాం. తెలుగు టీచరుగా నా చివరి పోస్టింగు ఎల్లారెడ్డిలో, ఆడపిల్లల హైస్కూల్లో. రోజూ కామారెడ్డి నుంచి బస్సులో పోయి రావడమే. పక్క సీటులో మా లెక్కల టీచరు ఉండేది. వయసులో నాకంటే చిన్నది, మాటల్లో నాకంటే పెద్దది. తాడ్వాయి వచ్చేదాకా ఇంటి ముచ్చట్లు, తాడ్వాయి దాటాక బడి ముచ్చట్లు అని ఒక నియమం పెట్టుకున్నాం. ఒక్కనాడూ దాన్ని పాటించిన పాపాన పోలేదు.

ఆ ఏడు జిల్లాలో ఒక మంచి పని మొదలైంది. పై తరగతుల పిల్లలు చదువుకోవడానికి చిన్న చిన్న కథల పుస్తకాలు టీచర్లమే రాయాలన్నారు. చిన్నపిల్లల కథల్లో కుందేళ్లు ఉంటాయి, పెద్దవాళ్ల నవలల్లో సంసారాలు ఉంటాయి, మధ్యన ఉన్న ఈ పిల్లలకు చదవడానికి ఏముంది? సెల్‌ఫోను ఉంది. అందుకని వాళ్ల వయసు గురించి, వాళ్ల మనసు గురించి పుస్తకాలు రావాలి అనుకున్నారు. కామారెడ్డిలో సమావేశం పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో అంశం పంచారు. ఒకరికి స్నేహం, ఒకరికి భయం. నాకు దుఃఖం వచ్చింది. మా ఇంట్లో ఈ మాట చెబితే మా ఆయన కంగారు పడ్డాడు. అంశం వచ్చింది, నాకు కాదు అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఈ పనికి పైన ఒక అధికారి ఉండేవాడు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే మీరు ఆయన మీద కత్తి కడతారు. పిల్లల మనసులు మెత్తనివి, వాటిని నొప్పించకూడదని నిజంగా నమ్మిన మనిషి. "కథల బాధ ఉండొచ్చు మేడం, గని ఆఖరి పేజీ వరకు తగ్గిపోవాలె" అనేవాడు. బాధ అంటే ఆయన లెక్కలో జ్వరం. మాత్ర వేస్తే దిగాలి.

నేను రాసిన మొదటి కథలో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు తల్లి చనిపోతుంది. పిల్ల కన్నీరుమున్నీరుగా విలపిస్తుంది. మంచి టీచరు ఒకామె ఓదారుస్తుంది. ఆ టీచరు అచ్చం నాలాగే ఉంటుంది, చీరల రంగులతో సహా. చివరికి పిల్ల కన్నీళ్లు తుడుచుకుని బడికి ఫస్టు వస్తుంది. సమావేశంలో చదివితే పెద్దసారు కళ్లజోడు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. అందరూ బాగుంది అన్నారు. నేనూ బాగుందనే అనుకున్నాను. దుఃఖాన్ని ఇంత పద్ధతిగా ఎవరు రాస్తారు?

అచ్చుకు పోయే ముందు ప్రతి కథనూ ఒక తరగతిలో చదివి వినిపించాలని నిబంధన. ఆ నిబంధన పెట్టింది కూడా పెద్దసారే. దానికి మాత్రం ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మా తొమ్మిదో తరగతిలో చదివాను. పిల్లలు మర్యాదగా విన్నారు. మొదటి బెంచీలో ఒక పిల్ల ఉండేది. బాగా చదివేది, నోరున్న పిల్ల, తరగతికి పెద్ద దిక్కు. "మంచిగున్నది టీచర్" అని అందరి తరఫునా తీర్పు చెప్పింది. కాగితాలు మడవబోతుంటే కిటికీ పక్క బెంచీలోంచి ఇంకో పిల్ల లేచింది. ఎప్పుడూ నోరు విప్పే పిల్ల కాదు. ఆ బెంచీలో ఒక్కతే కూర్చునేది.

"టీచర్, గా పిల్లకు ఏడ్పు ఎట్లొచ్చింది?"

"తల్లి పోయింది గద బిడ్డా."

"పోతే వస్తదా? అందరికి వస్తదా?"

మొదటి బెంచీ పిల్ల వెనక్కి తిరగకుండానే, "రాయికి రాదు" అంది. తరగతంతా కిసుక్కున నవ్వింది. కిటికీ పక్క పిల్ల కూర్చుంది. ముఖంలో కోపం లేదు, సిగ్గు లేదు. తలుపు వేసుకున్న ఇల్లులా ఉంది. నేను అందరినీ కేకలు వేశాను కానీ దేనికి వేస్తున్నానో నాకే తెలియదు.

తిరుగు బస్సులో లెక్కల టీచరును అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది.

"మీకెర్క లేదా మేడం? పోయినేడు గా పిల్ల తల్లి పోయింది. పిల్ల కంట్ల సుక్క నీళ్లు రాలేదంట. అంతే గాదు, గా పొద్దున ఇంటి ముందట అందరు ఏడుస్తుంటే గిది లోపటి అర్రల కూసొని బీడీలు చేసిందంట. అప్పటిసంది రాయి అని పేరు వడ్డది. ఇంట్ల గదే పేరు, వాడల గదే పేరు."

మా ప్రాంతంలో చావు ఇంట్లో ఆడవాళ్లు ఊరికే కన్నీళ్లు పెట్టుకోరు. శోకం పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, ఆమె చేతి వంట దగ్గర్నుంచి ఆమె పడ్డ కష్టాల దాకా రాగం తీసి చెప్పుకుంటారు. వచ్చిన చుట్టం గడపలోనే మెడ పట్టుకుని అందుకుంటుంది. ఎవరు ఎంత ఏడ్చారో, ఎవరి కళ్లు పొడిగా ఉన్నాయో దినాలు అయ్యేదాకా చెప్పుకుంటారు. పెద్దవాళ్లకు ఈ విద్య వచ్చు. పసిపిల్లలకు అవసరం లేదు, వాళ్లు బువ్వ కోసం ఏడ్చినట్టే ఏడుస్తారు. మధ్యలో ఉన్న పిల్లల సంగతి ఎవరూ ఆలోచించరు. చిన్నప్పటి ఏడుపు మరిచిపోయి, పెద్దల శోకం ఇంకా పట్టుబడని వయసు అది. మేము ఆ వయసు పిల్లల కోసమే పుస్తకాలు రాస్తున్నాం. మా అందరిలో ఒక్కరికి కూడా ఈ సంగతి తట్టలేదు.

మరునాడు బడి విడిచాక ఆ పిల్ల వెంట వాళ్లింటికి వెళ్లాను. లెక్కల టీచరు బస్సు పోతుందని గొణుగుతూనే నా వెనకాల వచ్చింది.

ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంది. తండ్రి గల్ఫ్‌లో పని చేస్తున్నాడు, భార్య ఆఖరి చూపు ఫోన్లోనే చూసుకున్నాడు. ముసలామె గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఆ వాడలో ఏ గడపలో చూసినా ఒక చాట ఉంటుంది.

"రా టీచరమ్మా, కూసో. గిది ఏమన్న లొల్లి చేసిందా?"

"లేదవ్వా. మంచిగ సదువుతది."

"సదువుతది. సదువుకేం తక్కువ లేదు, గుండెనే లేదు దీనికి. మా కోడలు సస్తే వాడ వాడంత ఏడ్సింది. గిది రాయి లెక్క కూసున్నది." గొంతు తగ్గించింది, కానీ పిల్లకు వినబడేంతే తగ్గించింది. "నాకు భయమైతది టీచరమ్మా. రేపు నేను సస్తే గూడ గిది గిట్లనే కూసుంటది. నా మీద ఏడ్సెటోళ్లెవలున్నరు?"

నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. ముసలామె మాత్రం ఏ మాయా లేకుండా అంది. ఆమె భయం ఆమెది.

ఆమె మాకు చాయ్ పెట్టడానికి లోపలికి లేచింది. పిల్ల చాట అందుకుని ఒళ్లో పెట్టుకుంది. తునికాకు కత్తిరించి, తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, మళ్లీ ఇంకో ఆకు. చేతులు కదలడం మొదలయ్యాక మాట కూడా కదిలింది. తల మాత్రం ఎత్తలేదు.

"టీచర్, ముందటి దినం మా అమ్మనే ఆకు నానవెట్టింది. తెల్లారెవరకు ఆమె లేదు. ఆకు తడిబట్టల సుట్టి ఉన్నది. తెరిచి సూస్తే మంచిగ నానింది, సల్లగున్నది. గట్లనే ఇడిస్తె ఖరాబైతది గద. ఆకు ఖరాబైతె అమ్మ ఊకోదు. గందుకే చేసిన. ఆకు అయిపోయెదాక చేసిన. అంతే."

లెక్కల టీచరు గోడకు ఉన్న క్యాలెండరు దిక్కు తిరిగి పండుగలు చదువుతున్నట్టు నిలబడింది.

"అందరు ఏడ్వు ఏడ్వు అంటుండ్రు టీచర్. ఎవలో ఫోన్ నా మొఖం మీదికి తిప్పిండ్రు, మా నాయన గూడ అండ్లకెల్లి ఏడ్వు బిడ్డా అన్నడు. నాకు ఏడ్సుడు ఎట్లనో యాదికి రాలే."

ఆమె కత్తిరించిన ఆకులను ఒక పక్కకు సర్దాను. తర్వాత అడిగాను.

"గీ ముచ్చట కథల రాయనా బిడ్డా? నీ పేరుండది. నువ్వు వద్దంటె రాయను."

ఇంకో రెండు మూడు బీడీలు చుట్టింది.

"రాయుండ్రి. నేను బీడీలు చేసిన ముచ్చట అందరికెర్కనే. ఆకు ముచ్చటనే ఎవ్వలికి ఎర్క లేదు. గని టీచర్, గా పిల్లను ఏడిపియ్యకుండ్రి. మీరు ఆఖర్ల ఏడ్సిందని రాస్తరు. గట్ల రాయొద్దు."

మాట ఇచ్చాను. చేతిలో చెయ్యి వేసి ఇవ్వలేదు, ఆమె చేతులు ఖాళీగా లేవు.

నా మొదటి కథను చింపేశాను. ఆ మంచి టీచరును, ఆమె చీరలతో సహా పంపించేశాను. కొత్త కథలో తల్లి ఆకు నానబెడుతుంది, తెల్లారి ఉండదు, పిల్ల అర్రలో కూర్చుని ఆ ఆకుతో బీడీలు చేస్తుంది. బయట ఏడుపులు వినబడుతుంటాయి. కథ ఇలా ముగుస్తుంది: చాటలో ఆకు అయిపోయింది. ఆమె చాటను గోడకు ఆనించి, చేతులు కడుక్కుంది. అంతే. ఇంత చిన్న కథ రాయడానికి నేను అంత కష్టపడ్డది ఎప్పుడూ లేదు. పెద్ద పెద్ద మాటలు వాటంతట అవే వచ్చి కూర్చునేవి, ఒక్కొక్కదాన్నీ లేపి పంపాల్సి వచ్చేది.

కామారెడ్డి సమావేశంలో చదివాను. మొదటి గొడవ దుఃఖం గురించి కాదు, బీడీల గురించి వచ్చింది. పిల్లల పుస్తకంలో పొగాకా? పిల్లతో బీడీలు చేయిస్తామా? ఒక సారు లేచి, బీడీలు తీసేసి పూలదండ అని పెట్టమన్నాడు. పిల్ల కూర్చుని బంతిపూల దండ గుచ్చుతుంది, చూడటానికి అందంగా ఉంటుంది, బొమ్మ కూడా బాగా వస్తుంది. బొమ్మలు వేసే ఆయన కూడా తల ఊపాడు.

"సార్, బంతిపూలు తల్లి నానవెట్టలేదు" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఎల్లారెడ్డిలో, చుట్టుపక్కల ఊళ్లలో మన బడికి వచ్చే పిల్లల తల్లుల్లో ఎంతమంది చేతులకు తంబాకు వాసన ఉండదో చెప్పమని అడిగాను. పిల్లలకు తెలిసిన వాసన పుస్తకంలో ఉంటే వాళ్లు చెడిపోరు, పుస్తకం మాది అనుకుంటారు అన్నాను. ఆ వాదన ఎట్లాగో గట్టెక్కింది.

అప్పుడు పెద్దసారు నా కాగితాలు అందుకున్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, నా కథ చివర ఏదో రాసి, పైకి చదివాడు. 'చివరకు ఆమె నాయనమ్మ ఒడిలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గుండె బరువు దిగిపోయింది.' చదవడం బాగా చదివాడు.

"గిది వెడ్తె కథ నిండుగైతది మేడం. పిల్లలు ఏడ్వకపోతె లోపట గడ్డకడ్తది. మనం ఏడ్సుడు నేర్పాలె."

ఆయన మాటలో తప్పు లేదు. ఏడుపు గొంతులో ఆగిపోయిన పిల్లలు ఉంటారు, వాళ్లకు ఆ వాక్యం మందు. కానీ నా కళ్ల ముందు కిటికీ పక్క బెంచీ ఉంది. ఆ వాక్యం అచ్చయితే జిల్లాలో ప్రతి బడికీ ఒక పుస్తకం పోతుంది. ఏడ్చినప్పుడే ఆ పిల్ల మనిషి అయింది, అప్పటిదాకా రాయే అని ప్రతి పుస్తకమూ చెబుతుంది. వాడలో అన్నది చాలక బడి కూడా అచ్చు వేసి మరీ అన్నట్టు అవుతుంది. అది కూడా ఆ పిల్ల నమ్మి తన ముచ్చట చెప్పిన టీచరు పేరు మీద.

"సార్, ఆ వాక్యం పెడితే నేను కథ ఇయ్యను" అన్నాను.

నాలాంటి మనిషి నోట్లోంచి ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు, నేనైతే అసలే అనుకోలేదు. కథ ఇవ్వకపోతే పుస్తకమే ఆగిపోతుంది, ఆకు ముచ్చట ఎవరికీ తెలియకుండానే పోతుంది. అదీ తెలుసు. పెద్దసారుకు కోపం వచ్చింది. అయినా న్యాయంగల మనిషి కాబట్టి కాసేపటికి సర్దుకున్నాడు.

"సరే మేడం. నేనే మీ బడికి వస్త. రెండు తీర్ల సదువుదాం. పిల్లలకు ఏది నచ్చితె గదే పెడదాం."

ఒప్పుకోక తప్పలేదు. ఎల్లారెడ్డికి పోయి ఆ పిల్లను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆ రోజు బడికి రాకున్నా ఏమీ అనుకోనన్నాను.

"వస్త టీచర్" అంది. "గా వాక్యం ఎట్లున్నదో వింట."

పెద్దసారు వచ్చిన రోజు మా బడి అంతా సున్నం వేసిన గోడలా ఉంది. హెడ్మాస్టరు కొత్త చొక్కా తొడిగాడు. లెక్కల టీచరు తన పీరియడ్ వదులుకుని వెనక గోడకు ఆనుకుని నిలబడింది. కిటికీ పక్క పిల్ల తన బెంచీలో తాను ఒక్కతే కూర్చుంది. కథలో పిల్ల చాట ముందు కూర్చోగానే తరగతిలో కొన్ని తలలు ఆమె వైపు తిరిగాయి. నేను చదవడం ఆపలేదు.

ముందు పెద్దసారు వాక్యంతో చదివాను. మాట నిలబెట్టుకోవాలి కాబట్టి దొంగాట ఆడకుండా, ఆయన వాక్యాన్ని ఆయన చదివినంత బాగానే చదివాను. చప్పట్లు మోగాయి. మళ్లీ మొదటినుంచి, ఆ వాక్యం లేకుండా చదివాను. 'ఆమె చాటను గోడకు ఆనించి, చేతులు కడుక్కుంది.' కాగితాలు దించాను. ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు.

పెద్దసారు నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, జాలి నవ్వు. "చూసిండ్రా మేడం" అని కుర్చీలోంచి లేచాడు. ఇంతే, అయిపోయింది అనుకున్నాను. కిటికీ వైపు చూసే ధైర్యం లేదు.

"సార్, జర ఆగుండ్రి."

మొదటి బెంచీ పిల్ల. రాయికి రాదు అన్న పిల్ల.

"టీచర్, గా ఆకు నానవెట్టింది తల్లే గద?"

"అవు."

"తెల్లారి గా పిల్ల చెయ్యకుంటె, ఎవలన్న అవతల పారవోస్తుండె గద?"

"పారవోస్తుండిరి కావొచ్చు."

"మా అమ్మ గూడ రోజు పొద్దుగూకినంక నానవెడ్తది టీచర్..." అని ఆగిపోయింది. ఆ నోరున్న పిల్లకు మాట అడ్డం పడటం నేను చూడటం అదే మొదటిసారి. పెద్దసారు దిక్కు తిరిగింది. "గా పిల్ల ఏడుస్తలేదని ఎవలన్నరు సార్? గా బీడీలు చేసుడే ఏడ్సుడు. మళ్ల మీరు ఇంకోపారి ఎందుకు ఏడిపిస్తుండ్రు?"

ఆ పిల్ల తన సంచి తీసుకుంది, మొదటి బెంచీ వదిలింది, నడిచి వెళ్లి కిటికీ పక్క బెంచీ దగ్గర ఆగింది.

"జరుగు" అంది.

కిటికీ పక్క పిల్ల ఆమె వైపు చూసింది. కొంచెం జరిగింది. ఇద్దరూ కూర్చున్నారు. క్షమించు అన్న మాట ఎక్కడా వినబడలేదు. మా పిల్లలకు ఆ మాట పరీక్షల్లోనే వస్తుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. అప్పుడైనా ఏడ్చిందా? ఏడవలేదు. కిటికీలోంచి బయటకు చూస్తూ ఒక చిన్న నవ్వు నవ్వింది. నాకు చాలు.

పెద్దసారు నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, జేబులోంచి అదే ఎర్ర పెన్ను తీసి, తన వాక్యాన్ని తానే కొట్టేశాడు. అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత. ఉద్యోగంలో ఎందరో పెద్దవాళ్లను చూశాను. పిల్లల ముందు తన మాట తాను కొట్టేసుకున్న పెద్దమనిషిని ఆయన్నే చూశాను. అయితే పూర్తిగా ఓడిపోవడం ఆయనకు కూడా ఇష్టం లేదు. పుస్తకం చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో 'పొగాకు ఆరోగ్యానికి హానికరం' అని వేయించాడు. ఇప్పటికీ ఉంటుంది, చూడండి. నేను అభ్యంతరం చెప్పలేదు. అదీ నిజమే కదా.

పుస్తకం వచ్చాక ఆ పిల్ల దాన్ని ఇంటికి పట్టుకుపోయి నాయనమ్మకు చదివి వినిపించింది. ఏమందని అడిగాను.

"ఆకు ముచ్చట నాకెందుకు చెప్పలేదే అన్నది టీచర్. నువ్వడిగినవా అన్న. రాయి అనుడు బంద్ వెట్టింది. ఇప్పుడు మొండిది అంటున్నది."

"మరి నీకు కోపం రాలేదా?"

"మొండిదాన్నే గద" అంది.

బస్సులో ఈ మాట చెబితే లెక్కల టీచరు తాడ్వాయి దాకా నవ్వింది, తాడ్వాయి దాటాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల కోసం రాసేటప్పుడు, పిల్లలకు చదివేటప్పుడు వాళ్ల బాధను మీకు తెలిసిన ఆకారంలోకి ఒంచకండి. వాళ్లు ఎలా బాధపడాలో మనం నేర్పనక్కర లేదు. వాళ్లు పడుతున్నది బాధేనని మనం గుర్తుపడితే చాలు. మొదటి బెంచీ పిల్లకు ఆ రోజు నేను పాఠం చెప్పలేదు. ఏడాది పాటు పక్కనే ఉండి చూడనిది, ఒక కథ ఆమెకు చూపించింది. ఆ కథ నాది అని చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

తర్వాత నా పదవీ విరమణ రోజు వచ్చింది. పూలదండలు, ఉపన్యాసాలు, మళ్లీ శాలువాలు. మైకు ముందుకు వచ్చిన ప్రతివాళ్లూ గొంతు పూడుకుపోయి దిగిపోయారు. లెక్కల టీచరు నా గొప్పతనం గురించి రాసుకొచ్చిన కాగితం సగం కూడా చదవలేకపోయింది. నా కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా అంతే. సభ కాగానే లోపలికి పోయి పుస్తకాల గదిలో కూర్చున్నాను. ఆ గది బాధ్యత నాదే. కింది అరల్లో పుస్తకాలు చిందరవందరగా ఉన్నాయి. మడతపడ్డ అట్టలు అరచేత్తో సాపు చేసి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటే వరుసలో పెడుతున్నాను. రేపటినుంచి అవి ఎవరి చేతిలో ఎట్లా ఉంటాయో తెలియదు కదా, ఇవాళ వదిలేస్తే పాడవుతాయి అనిపించింది.

కొత్తగా వచ్చిన టీచర్లు కొందరు గుమ్మంలో చేరారు. అందులో ఒకామె నవ్వుతూ, "మేడం గుండె గట్టిది. మనమంత ఏడుస్తున్నం, ఆమె కంట్ల ఒక్క సుక్క లేదు" అంది. సరదాకే అంది. నేను నవ్వడానికి ప్రయత్నించాను.

వాళ్ల వెనకనుంచి ఒక గొంతు వినబడింది. కిటికీ పక్క పిల్ల. అప్పటికి కామారెడ్డిలో కాలేజీ చదువుతోంది. మొదటి బెంచీ పిల్లను వెంట పెట్టుకుని ఆ సభ కోసమని బస్సులో వచ్చింది.

"ఏడుస్తలేదని ఎవలన్నరు మేడం?" అంది వాళ్లతో. "సభ అయినకాడికెల్లి గా పుస్తకాలు సదురుతలేదా?"

వాళ్లను తప్పించుకుని లోపలికి వచ్చింది. నా పక్కన నేల మీద కూర్చుని, ఒక మడతపడ్డ పుస్తకం ఒళ్లోకి తీసుకుంది.

"జరుగుండ్రి టీచర్" అంది.

జరిగాను.